ఆగిన చిత్రం, కదిలే చిత్రం: ఆంటోన్ కోర్బైన్ కళాయాత్ర

ఛాయాచిత్రాలు తీసే విద్యకు ఉర్దూలో 'అక్కాసీ' అని పేరు. 'అక్స్' అనగా ప్రతిబింబం. తెలుగులో మన పెద్దలు 'ఛాయ' అన్నారు. దానికి ముఖ్యార్థం నీడ. ఒకే పనిని ఒక భాష వెలుగు వైపు నుండి, మరొక భాష చీకటి వైపు నుండి చూచినట్లున్నది. ఈ రెండింటిలో ఏది తగిన మాట అనే ప్రశ్న వస్తే, హాలెండు దేశీయుడైన ఆంటోన్ కోర్బైన్ తీసిన చిత్రాలను చూచినవారు తెలుగు మాట వైపే మొగ్గుతారని నా నమ్మకం. అతని చిత్రాలలో వెలుగు కంటె నీడ పాలు ఎక్కువ.

కోర్బైన్ 1970 దశకంలో రాక్ సంగీత కళాకారులను ఫొటోలు తీస్తూ జీవితం ప్రారంభించి, 1980 దశకంలో సంగీత వీడియోల దర్శకుడై, 2007లో కథాచిత్ర దర్శకుడుగా పేరు గాంచినాడు. వృత్తి మార్చుకొన్నవారు లోకంలో కొల్లలుగా ఉన్నారు. ఫొటోగ్రాఫర్లుగా ఉండి వీడియో దర్శకులైనవారు కూడ ఇతడొక్కడే కాదు. ఫ్రాన్సు దేశంలో మొందినో వంటివారు కలరు. అయినను కోర్బైన్‌ను గురించి ప్రత్యేకించి వ్రాయటానికి కారణం ఉన్నది. మూడుసార్లు పని మారినా, ఒక యువకుని ముఖం మాత్రం అతనిని విడిచిపెట్టలేదు. ఆ ముఖాన్ని మొదట ఫొటోగా తీసినాడు, తరువాత వీడియోలో పెట్టినాడు, చివరకు దాని మీదనే సినిమా తీసినాడు. నిశ్చలచిత్రానికి, చలనచిత్రానికి గల సంబంధం ఏమిటో తెలుసుకోదలచిన విద్యార్థికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకటం కష్టం.

అతడు 1955 మే 20న దక్షిణ హాలెండులోని స్ట్రైయెన్ అనే గ్రామంలో జన్మించినాడు. తండ్రి ప్రొటెస్టెంటు చర్చిలో మత బోధకుడు. అటువంటి ఇంట చావు, పరలోకం, పాపపుణ్యాల ప్రసంగం నిత్యకృత్యంగా ఉండేది. బిడియస్తుడైన ఆ బాలునికి పాశ్చాత్య రాక్ సంగీతం దూరతీరంలో వెలిగే దీపం వలె కనిపించినది. కుటుంబం ఉత్తరాన ఉన్న గ్రోనింగెన్ నగరానికి చేరిన తరువాత, 1972లో ఆ ఊరి చౌకులో 'సొల్యూషన్' అనే బృందం బహిరంగ కచేరీ చేసినది. పదునేడేండ్ల ఆంటోన్ తండ్రి కెమేరాను తీసికొని వెళ్ళినాడు. కెమేరా చేతిలో ఉంటే వేదిక దగ్గరకు పోవటానికి అదొక అనుమతి పత్రం వలె పనికివస్తుందన్నదే అతని ఆలోచన. ఫొటోగ్రఫీ మీది మోజుతో సంగీతం వద్దకు పోలేదు. సంగీతం మీది మోజుతో ఫొటోగ్రఫీని పట్టుకొన్నాడు. ఈ సంగతి గుర్తుంచుకొంటే అతని తరువాతి జీవితం సులభంగా బోధపడుతుంది.

1979లో ఇంగ్లండునుండి 'జాయ్ డివిజన్' అనే బృందం యొక్క 'అన్‌నోన్ ప్లెజర్స్' అనే రికార్డు వెలువడినది. దానిని విన్న కోర్బైన్ ఆ సంగీతం పుట్టిన దేశంలోనే బ్రతకాలని నిశ్చయించుకొని, ఆ సంవత్సరం చివరలో లండన్ చేరినాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం. చేరిన కొద్ది దినాలకే ఆ బృందాన్ని కలిసికొని, లాంకాస్టర్ గేట్ అనే భూగర్భ రైలు స్టేషనులో వారిని ఫొటో తీసినాడు. ట్యూబు లైట్ల క్రింద సొరంగం వంటి నడవ. నలుగురు యువకులు కెమేరాకు వీపు చేసి లోనికి నడిచిపోతున్నారు. వారిలో గాయకుడైన ఇయాన్ కర్టిస్ ఒక్కడే తల త్రిప్పి వెనుకకు చూస్తున్నాడు. రికార్డు పేరులోని 'తెలియని' అన్న మాటను మనస్సులో ఉంచుకొని, తెలియని చోటికి నడచిపోతున్నట్లుగా వారిని నిలిపినానని కోర్బైన్ తరువాత చెప్పినాడు.

బృందంలో ముగ్గురి ముఖాలు కనబడని ఫొటోను ఆ దినాలలో పత్రికలవారు ఇష్టపడలేదు. పాఠకుడు డబ్బిచ్చి కొనేది ముఖాలు చూడటానికే కదా అన్నది వారి తర్కం. అది తర్కమే గాని, ఆరు నెలలు తిరగకముందే తలక్రిందులైనది. మూర్ఛవ్యాధితోను, సంసారపు చిక్కులతోను నలిగిపోయిన ఇయాన్ కర్టిస్, అమెరికా యాత్రకు బయలుదేరవలసిన ముందు రోజు, 1980 మే 18న ఆత్మహత్య చేసుకొన్నాడు. అతని వయస్సు 23 ఏండ్లు. భార్య, పసిబిడ్డ ఉన్నారు. ఆ వార్త వెలువడిన తరువాత ఎవ్వరూ వద్దన్న ఆ చిత్రమే అందరికీ కావలసివచ్చినది. వెనుదిరిగి చూచే ఆ చూపులో జనం సెలవు తీసికోవటాన్ని చదివినారు.

ఇక్కడ ఒక్కక్షణం ఆగి ఆలోచింపవలసి ఉన్నది. ఫొటో తీసిననాడు ఆ చూపులో మృత్యువు లేదు. నడిచే మనిషిని వెనుకకు చూడమన్నారు, చూచినాడు. అర్థం తరువాత వచ్చి చేరినది. ఒక యువకుని మరణం మరొక యువకుని చిత్రానికి కీర్తి తెచ్చిపెట్టినది. తీసినవానికి ఇది గర్వకారణమా, ఋణభారమా? కోర్బైన్ దీనికి మాటలలో ఏమి జవాబు చెప్పినా, పనిలో మాత్రం ఋణంగానే భావించినాడని అతని తరువాతి కృషి చూచినవారికి తోస్తుంది.

అతని చిత్రాలు చూడగానే ఇతనివేనని గుర్తుపట్టటానికి కొన్ని సాంకేతిక కారణాలున్నవి. ఆనాటి రాక్ ఫొటోగ్రాఫర్లలో పలువురు వేదికపై గంతులు వేసే కళాకారుని ఫ్లాష్ వెలుగులో పట్టుకొనేవారు. కోర్బైన్ వేదిక దిగివచ్చిన మనిషిని ఎన్నుకొన్నాడు. ఫ్లాష్, త్రికాలపీఠం, సహాయకులు లేకుండ, ఉన్న వెలుతురులోనే, కెమేరా చేతపట్టి నలుపు తెలుపులలో తీసేవాడు. వెలుతురు తక్కువైనప్పుడు షట్టరు నెమ్మదిగా మూసుకోవాలి. నెమ్మదిగా మూసుకొంటే చేయి వణుకు చిత్రంలోకి వస్తుంది. కాంతికి ఎక్కువ స్పందించే ఫిలిం వాడితే దానిలోని వెండి రేణువులు పెద్దవి గనుక, పెద్ద ప్రింటు చేసినప్పుడు అవి ఇసుక చల్లినట్లు కనబడతాయి. స్టూడియోవారు దోషాలుగా లెక్కించే ఈ రెండింటినీ అతడు అలంకారాలుగా మార్చుకొన్నాడు. 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్' అనే వారపత్రికకు సుమారు ఐదేండ్లు పనిచేస్తూ అతడు తీసిన చిత్రాలు ఈ పద్ధతిలోనివే. 1980లో షికాగో నగరంలో నాటకవేషంలో ఉన్న డేవిడ్ బౌవీ, 1985లో రెండు చేతులు ముఖానికి చేర్చి సూటిగా చూచే జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఈ శైలికి పేరుపడిన ఉదాహరణలు.

ఇంతలో కాలం మారినది. 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎం.టి.వి. అనే టెలివిజన్ కేంద్రం ప్రారంభమైనది. పాటను వినిపించటంతోబాటు చూపించాలన్న నియమం దానితో స్థిరపడినది. మనవారికి ఇందులో వింత ఏమున్నదని అనిపించవచ్చును. పాటను ముందుగా రికార్డు చేసి, దానిని ప్లేబాక్‌లో వినిపిస్తూ నటులచేత పెదవులు కదిలింపజేసి చిత్రీకరించటం తెలుగు సినిమాకు ఎన్నో దశాబ్దాలుగా అలవాటే. అయితే భేదం ఒకటున్నది. మన సినిమా పాటకు ముందు వెనుకల కథ ఉంటుంది. నాయిక ఎందుకు ఏడ్చుచున్నదో ప్రేక్షకునికి అంతకు ముందే తెలుసు. సంగీత వీడియోకు ఆ ఆధారం లేదు. మూడు నాలుగు నిమిషాలలో ఏ పరిచయమూ లేకుండ ఒక లోకాన్ని నిలబెట్టాలి. కథ చెప్పటానికి వ్యవధి చాలదు గనుక, ఒకే చిత్రంలో చాలా చెప్పగలిగినవానికి అక్కడ పని ఉన్నది. ఫొటోగ్రాఫర్లకు దారి తెరచుకొన్నది ఇందువల్లనే. ఖర్చు భరించేది రికార్డు కంపెనీలు. వారి దృష్టిలో అది ప్రకటన మాత్రమే. ఆ ప్రకటనల మధ్య కొందరు కళను కూడ దొంగచాటుగా దాటించినారు.

కోర్బైన్‌చేత మొదట వీడియో తీయించినది జర్మనీలోని 'పాలే షౌంబుర్గ్' అనే బృందం. దానిని చూచి మరొక జర్మను బృందమైన 'ప్రొపగాండా' 1984లో 'డాక్టర్ మబూజె' అనే పాటను అతనికి అప్పగించినది. అయితే అతని చేతికి అసలైన క్షేత్రం 1986లో లభించినది. 'డిపేష్ మోడ్' అనే ఇంగ్లీషు బృందం యంత్రవాద్యాలతో పాటలు కట్టి యువతను ఆకర్షిస్తుండేది. నిజానికి కోర్బైన్‌కు వారి సంగీతం మీద అంత మక్కువ లేదు. 'ఎ క్వశ్చన్ ఆఫ్ టైమ్' అనే పాటను అమెరికాలో తీయవచ్చునన్న ఆశతోనే ఒప్పుకొన్నాడట. ప్రక్కబండి తగిలించిన మోటారు సైకిలుపై ఒక మనిషి ఎడారి దారులలో పోతుంటాడు. చిత్రమంతా నలుపు తెలుపు. ఆ తరువాత ఆ బృందానికి అతడు తీసిన వీడియోలలో పెక్కింటిని ఇండ్లలో వాడుకొనే చిన్న సూపర్ ఎయిట్ కెమేరాతోనే తీసినాడు. చవుక పనిముట్టు వలన రేణువులు మరింత కనిపించినవి. ఫొటోలలోని ఇసుక ఇప్పుడు కదలసాగినది.

కాలక్రమంలో వీడియోలతో సరిపెట్టక, ఆ బృందం యొక్క రికార్డు అట్టలు, వేదికాలంకారం, ఫొటోలు అన్నీ అతని చేతిమీదుగానే రూపొందినవి. ఒక సంగీత బృందానికి ఇన్ని దశాబ్దాలపాటు ఒకే కన్ను కాపలా కాయటం అరుదైన విషయం.

1990 నాటి 'ఎంజాయ్ ది సైలెన్స్' వీడియోను చూడండి. కిరీటం, రాజవస్త్రం ధరించిన ఒక రాజు చంకలో మడత కుర్చీ పెట్టుకొని మంచు కొండలలో, సముద్రతీరాలలో, పచ్చిక బయళ్ళలో ఒంటరిగా నడుస్తుంటాడు. నచ్చిన చోట కుర్చీ వేసుకొని కూర్చుంటాడు. అంతే, మరే కథా లేదు. దీనిని స్కాట్లండు, పోర్చుగల్, స్విట్జర్లండు దేశాలలో కొద్దిమంది సిబ్బందితో తీసినారు. అన్నీ ఉన్న రాజు వెదకేది ప్రశాంతమైన ఒక్క చోటు మాత్రమే అన్నది దర్శకుని భావన. నన్నడిగితే ఇది చలనచిత్రం కాదు. వరుసగా పేర్చిన ఫొటోలలో ఒక మనిషి నడుస్తున్నాడంతే. విమర్శగా అనటం లేదు. కెమేరా ఊరక పరుగెత్తే ఆ కాలపు వీడియోల మధ్య, కెమేరా కదలక మనిషి మాత్రమే కదలటం వలన కంటికి విశ్రాంతి కలిగినది. 2008లో 'కోల్డ్‌ప్లే' బృందం తమ 'వీవా లా వీడా' పాటకు కోర్బైన్‌చేతనే దీనిని గుర్తుచేసే మరొక రాజు చిత్రాన్ని తీయించుకొన్నది.

అయితే నా దృష్టిలో అతని వీడియోలలో అన్నింటికంటె గొప్పది 1988లో వచ్చినది. జాయ్ డివిజన్ పాడిన 'అట్మాస్ఫియర్' అనే పాటను ఆ సంవత్సరం తిరిగి విడుదల చేసినారు. పాడిన మనిషి మరణించి ఎనిమిదేండ్లైనది. వీడియోకు గాయకుడు లేడు. కోర్బైన్ ఏమి చేసినాడనగా, తల నుండి పాదాల వరకు ముసుగులు ధరించిన పొట్టి ఆకారాలను సముద్రతీరపు ఇసుకలో నడిపించినాడు. కొందరివి నల్లని ముసుగులు, కొందరివి తెల్లనివి. వారు ఇయాన్ కర్టిస్ యొక్క నిలువెత్తు ఫొటోను మోసుకొని పోతుంటారు. జనాజా సాగినట్లున్నదని ఒకరికి తోచవచ్చును, దేవుని ఊరేగింపు వలె ఉన్నదని మరొకరికి తోచవచ్చును. కదిలే చిత్రం లోపల కదలని చిత్రం పోవుచున్నది. ఫొటోగ్రాఫరుగా తాను చేసిన పని ఎంత బరువైనదో ఆ మోతలో కనబడుతుంది. నిశ్చలచిత్రం నుండి చలనచిత్రానికి వచ్చిన మనిషి, పాతదానిని పారవేయక భుజాన వేసుకొని వచ్చినాడు.

ఐర్లండు దేశపు 'యు2' బృందంతో అతని స్నేహం 1982లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో మొదలైనది. ఈ స్నేహంలో అన్నీ విజయాలే అనుకోరాదు. 1984 నాటి వారి రికార్డు అట్టమీద అతడు తీసిన శిథిల భవనపు చిత్రం, సైమన్ మార్స్‌డెన్ అనే మరొక ఫొటోగ్రాఫరు పుస్తకంలోని చిత్రాన్ని కోణంతో సహా పోలియుండుటచే, బృందం ఆయనకు పరిహారం చెల్లింపవలసి వచ్చినది. ఇది మరుగుపరచదగిన విషయం కాదు. 1986 డిసెంబరులో కాలిఫోర్నియా ఎడారులలో తీసిన 'ది జాషువా ట్రీ' చిత్రాలు మాత్రం లోకప్రసిద్ధములైనవి. ఆ చెట్టును గురించి బృందానికి చెప్పినది కోర్బైనే. విశాలమైన దృశ్యం కోసం అద్దెకు తెచ్చిన పెనోరమా కెమేరాను ఎట్లు ఫోకస్ చేయాలో తెలియక, అతడు వెనుకనున్న కొండలను స్పష్టంగా తీసి మనుష్యులను కొంచెం మసకగా తీసినాడు. అది శీతకాలం, ఎడారి కదా వేడిగా కనపడాలని కోట్లు విప్పి నిలబడినారు. ఆ ముఖాలలోని గాంభీర్యానికి చలి కూడ ఒక కారణమని గాయకుడు బోనో తరువాత చెప్పినాడు. అప్పుడు చిత్రానికెక్కిన చెట్టు 2000 ప్రాంతంలో కూలిపోయినది.

అదే బృందానికి 'వన్' అనే పాట కోసం కోర్బైన్ బెర్లిన్‌లో తీసిన వీడియోను 1992లో వారే ప్రక్కకు పెట్టినారు. అందులో బృందంవారు స్త్రీవేషాలు వేసినారు. ఆ పాట రాబడిని ఎయిడ్స్ వ్యాధి సహాయ కార్యక్రమానికి ఇవ్వ నిశ్చయించినందున, ఈ వేషాలు చూచి జనం ఆ వ్యాధిని ఒక వర్గంవారికి అంటగడతారేమోనన్న భయం కలిగినది. ఇతర దర్శకులచేత మరి రెండు వీడియోలు తీయించినారు. చిత్రం బాగుండటం వేరు, ఆ చిత్రం ఏ వేళ ఎవరి ముందుకు వెళ్ళుచున్నదన్నది వేరు. గోడమీది ఫొటోకు లేని ఈ బాధ్యత టెలివిజన్‌లో కనబడే చిత్రానికి ఉన్నది. అయినా స్నేహం చెడలేదు. 2017లో 'జాషువా ట్రీ' ముప్పదేండ్ల సందర్భంగా జరిగిన యాత్రకు, వెనుకనుండే మహాతెరమీద చూపవలసిన ఎడారి దృశ్యాలను కోర్బైనే తీసి ఇచ్చినాడు. ఆ యాత్ర 2019 డిసెంబరు 15న మన దేశంలోని నవీ ముంబయిలో ముగిసినది. ఏ.ఆర్. రహమాన్ కూడ ఆనాడు వేదికమీద పాల్గొన్నారు.

1993లో 'నిర్వాణా' బృందానికి తీసిన 'హార్ట్ షేప్డ్ బాక్స్' గురించి ఒక్కమాట. ఇందులోని దృశ్య కల్పనలలో చాలా భాగం గాయకుడైన కర్ట్ కోబేన్‌వే. రంగులలో తీసి, వాటిని నలుపు తెలుపులలోనికి మార్చి, మరల ఆ ఫ్రేములకు రంగులు అద్దించినారు. పాత కాలంలో మన స్టూడియోలలో నలుపు తెలుపు ఫొటోలకు చేతితో బుగ్గలకు ఎరుపు, చీరకు పచ్చ అద్దినట్లే. ఆ రంగులు ప్రకృతిలో లేనివి, కలలో ఉండేవి. 1994లో ఎం.టి.వి. బహుమతులు దానికి వచ్చినప్పటికి కోబేన్ కూడ తన ప్రాణం తానే తీసుకొని కొన్ని నెలలైనది.

ఈ చావులు అతని మనస్సులో ఎట్లు పనిచేసినవో 2003 నాటి ఒక ఫొటోల వరుస తెలుపుతుంది. కోర్బైన్ తన జన్మస్థలమైన స్ట్రైయెన్‌కు తిరిగి వెళ్ళి, మరణించిన సంగీత కళాకారుల వేషాలు తానే వేసుకొని, ఆ పల్లెటూరి వీధులలో తన్ను తానే ఫొటోలు తీసుకొన్నాడు. పరలోకాన్ని గురించి బోధించిన తండ్రి, అకాలమరణం పొందిన గాయకులు, తాను, ఆ ఊరు ఒక్కచోట చేరినట్లైనది. కొంత వింతగా, కొంత హాస్యంగా కూడ ఉండే చిత్రాలివి.

చివరకు 2007లో 'కంట్రోల్' అనే కథాచిత్రం వచ్చినది. ఇది ఇయాన్ కర్టిస్ జీవితం. అతని భార్య డెబొరా వ్రాసిన స్మృతిగ్రంథం దీనికి ఆధారం. ఖర్చులో గణనీయమైన భాగం కోర్బైన్ తన సొంత సొమ్మే పెట్టినాడు. వీడియోలతో సంపాదించినది సినిమాలో పోసినాడన్నమాట. సామ్ రైలీ నాయకుడు. భార్యగా నటించిన సమంతా మోర్టన్ అంతకుముందు 2002లో అతని 'ఎలెక్ట్రికల్ స్టార్మ్' వీడియోలో కనిపించినదే. వేదిక సన్నివేశాలలో నటులే స్వయంగా వాద్యాలు వాయించి పాడినారు. చిత్రం నలుపు తెలుపు; కాని రంగుల ఫిలింమీద తీసి తరువాత రంగు తొలగించినారు. నలుపు తెలుపు ఫిలిం వాడితే రేణువులు మరీ ఎక్కువగా కనిపిస్తవని కారణం. రేణువులతోనే పేరు తెచ్చుకొన్న మనిషి ఇక్కడ వాటిని తగ్గించుకొన్నాడు. ఫొటోలో ఒక్క క్షణం నిలిచే మనిషిని రెండు గంటలు బ్రతికించాలంటే, అలంకారం కొంత అడ్డు తొలగాలి కాబోలు. ఈ చిత్రంలో కర్టిస్ మహాత్ముడు కాడు. ఉద్యోగానికి వెళ్ళేవాడు, భార్యకు అబద్ధం చెప్పేవాడు, మందులు మింగి మగతతో పాడేవాడు. వెనుదిరిగి చూచే ఆ ఫొటోలోని గంధర్వుని మనిషిగా దించి, ఇంట్లోకి తీసికొనివచ్చినాడు. కాన్ చిత్రోత్సవంలో 'దర్శకుల పక్షం' విభాగంలో బహుమతులు, ఆ ఏటి ఉత్తమ బ్రిటిష్ స్వతంత్ర చిత్రం గౌరవం దీనికి లభించినవి.

తరువాత 2010లో జార్జ్ క్లూనీతో 'ది అమెరికన్' తీసినాడు; చూడటానికి అందంగా ఉన్నా, కథ అక్కడక్కడ ఫొటోలాగ ఆగిపోతుంది. 2014 నాటి 'ఎ మోస్ట్ వాంటెడ్ మ్యాన్' మరింత బిగువైనది. అది విడుదలయ్యేనాటికి అందులోని ప్రధాన నటుడు ఫిలిప్ సేమూర్ హాఫ్‌మన్ జీవించి లేడు. 2022లో రికార్డు అట్టల రూపకర్తలైన 'హిప్నోసిస్' సంస్థమీద ఒక వార్తాచిత్రం కూడ చేసినాడు.

వీటన్నింటిలో విద్యార్థులు 'కంట్రోల్' తరువాత చూడదగినది 2015 నాటి 'లైఫ్' అని నా అభిప్రాయం, అది అంత పేరు పొందకపోయినా. 1955లో డెనిస్ స్టాక్ అనే యువ ఫొటోగ్రాఫరు, ఇంకా పెద్దగా ఎవరికీ తెలియని జేమ్స్ డీన్ అనే నటుని వెంబడి తిరిగి 'లైఫ్' పత్రిక కోసం ఫొటోలు తీసిన ఉదంతం అందులోని కథ. న్యూయార్కు టైమ్స్ స్క్వేర్‌లో వానలో కోటు కాలరెత్తి నడిచివచ్చే డీన్ చిత్రం ఆ వరుసలోనిదే. ఆ ఏడాది సెప్టెంబరు 30న కారు ప్రమాదంలో డీన్ మరణించినాడు. స్టాక్ ఆ తరువాత ఎన్ని ఫొటోలు తీసినా, లోకం అతనిని అడిగినది ఆ ఒక్క చిత్రాన్ని గురించే.